లోడు పెట్టి అడుగు

అత్తాపూర్, పిల్లరు నంబరు నూట పదహారు.
పైన విమానం అందుకోవాల్సినోళ్ల ఉరుకులాట,
కింద నా రేకు డబ్బా, రెండు స్టూళ్లు, ఒక బ్యాటరీ.
వాన పడితే వంతెన అంచుకెళ్లి
నీళ్లు చాపలెక్క దిగుతయి.
ఆ చాపను ముక్కుతో చీల్చుకుంట
పసుపు స్కూలు వ్యాను వచ్చి ఆగింది.

వైపర్లకు నైలాన్ తాడు.
ఎడమ కొస ఎడమ కిటికీల నుంచి లోపలికి,
కుడి కొస కుడి కిటికీల నుంచి.
ఈశ్వరయ్య దిగి సిగ్గుపడ్డడు:
“ఓ దిక్కు నేను గుంజుత, ఓ దిక్కు పిల్లలు.
లంగర్‌హౌజ్ దాక ఆఫ్రీన్, ఆడికెళ్లి చరణ్.
వంతులేసుకున్నరు. నిన్న లెక్కపెట్టిండ్రట,
నాలుగు వందల పన్నెండు గుంజులు.”

సీటు మీద సంచి విప్పిండు.
పాత మోటారు, పాత రిలే, పాత స్విచ్చు.
ముగ్గురు మెకానిక్కులు, మూడు బిల్లులు.
ఆఖరాయన లింకు రాడ్డు గూడ ఊడదీసి
“ఇగ చేత్తోనే తిప్పుకో” అన్నడట.
జబ్బు తప్ప అన్నీ మారినయి.

ఫ్యూజు మంచిగనే ఉంది.
మోటారుకు బ్యాటరీ సీదా తగిలిస్తే గిర్రుమంది.
ప్లగ్గు ఊడదీసి టెస్టు లైటు గుచ్చిన, టక్కున వెలిగింది.
“అందరికీ గట్లనే వెలుగుతదన్నా” అన్నడు ఈశ్వరయ్య,
కేసు ఓడిపోయినోని గొంతుతోని.
ప్లగ్గు మళ్ల పెడితే
రిలే టిక్కుమంటది, మోటారు ఉలకదు.

నాకు పదిహేనేండ్లప్పుడు, మల్లేపల్లిల,
మొయిన్ ఉస్తాద్ నా చేతిల టెస్టు లైటు చూసి నవ్వేటోడు.
“దాని మాట వినకు బేటా.
దానికెంత కావాలె? వెంట్రుకంత.
ముప్పై పోగుల వైరుల ఇరవై తొమ్మిది చచ్చినా
మిగిలిన ఒక్కటి పట్టుకొని వెలుగుతది,
అంతా ఖైరియత్ అని చెప్తది.
లోడు పెట్టి అడుగు.”
ఆయన జేబుల, పాన్ డబ్బా పక్కన, రుమాలుల చుట్టి
అంబాసిడర్ హెడ్‌లైటు బల్బు ఒకటి ఉండేది,
కాళ్లకు రెండు వైర్లు అతికించింది.

ఉస్తాద్ ఆఖరి ఏడాది
శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసేటోణ్ణి.
“ఎట్లున్నరు?”
“మస్తుగున్న.”
వెలిగింది గద అనుకొని పెట్టేసేటోణ్ణి.

సరే.

బల్బు తీసి ప్లగ్గుకు తగిలించిన.
బీడీ కొసంత ఎరుపు. అంతే.
దొరికినవు బిడ్డా.

డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి,
బయట మోకాళ్లు వానల నానుతుంటే
వైరు వెంబడి వేళ్లతో నడుచుకుంట పోయిన.
ఎవడో పాటల డబ్బా బిగించేటప్పుడు వేసిన జాయింటు,
మీద నల్ల టేపు, టేపు కింద తడి.
విప్పితే మైలతుత్తం లెక్క పొడి రాలింది,
పొడి నడుమ ఒకే ఒక్క పోగు,
ఇంకా డ్యూటీల ఉంది.
కత్తిరించబోతే చెయ్యి కొంచెం ఆగింది.
ఎందుకో తెల్వదు.

జానెడు వైరు, ఇంత టంకం, స్లీవు.
లింకు రాడ్డు మళ్ల ఎక్కించిన.
స్విచ్చు వేస్తే రెండు వైపర్లూ లేచినయి,
ఎడమది కిర్రుమంటది, అది రబ్బరు సంగతి.

“ఎంతన్నా?”
“నూట యాభై.”
సంచి దిక్కు చూసిండు. “మరి ఇవన్నీ?”
“అవి మంచియే. దాచిపెట్టుకో.”

తాడు విప్పిండు గానీ పారెయ్యలేదు.
చేతిల పట్టుకొని వానల నిలబడ్డడు.
“రేపు సాయిరక్షిత వంతన్నా.
సోమవారం నుంచి అడుగుతున్నది.”

ఇద్దరం కొంచెంసేపు తాడునే చూసినం.
తర్వాత ఆయననే లోపలికి వంగి
స్టీరింగు పక్కన వైపరు కాడకు ఒక కొస ముడేసి,
రెండో కొస ఎడమ సీటు మీద పెట్టిండు.
ఒకసారి గుంజి చూసిండు.
వైపరు లేచింది.